బాణానికి వెన్ను

అల్లూరి సీతారామరాజు విగ్రహం ఏ ఊళ్ళో కనబడినా నా చూపు ముందు బాణం మీదికి పోతుంది. సిమెంటులో పోసిన బాణం, ఇనుప చువ్వలా ఉంటుంది. దాన్ని వదిలితే గురి ఎంత పక్కకు పోతుందోనని లెక్క వేస్తాను. ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేటలో నిలబడి ఇలాంటి లెక్కలు వేయడం భక్తి కాదని తెలుసు. ఏం చేయను, ఏడాదిగా వెదురు విల్లు పట్టుకుని గడ్డిమోపుని కొడుతున్నవాణ్ణి.

మొదట్లో ఏరి ఏరి గట్టి పుల్లలే తెచ్చుకున్నాను. బాణమన్నాక వంగకూడదు కదా! తీరా వేస్తే అన్నీ ఎడమకే పోయేవి. మోచెయ్యి సరిచేశాను, ఊపిరి బిగబట్టాను, కళ్ళజోడు కూడా మార్పించాను. ఒకరోజు కొండ మీంచి సంతకు దిగిన ఒక పెద్దాయన నా అవస్థ కాసేపు చూసి, ఒక బాణం తీసుకుని రెండు చేతులా పట్టి మధ్యలో బొటనవేళ్ళతో నొక్కాడు.

“ఇది కర్ర బాబూ, అమ్ము కాదు. ఒంగదు.”

“ఒంగితే ఎలా తాతా?”

“ఒంగకపోతే ఇల్లు అడ్డం రాదేటి?”

ఆయన ఇల్లు అన్నది విల్లుని. మొత్తం శాస్త్రం ఆ ఒక్క మాటలో ఉంది. విల్లు బద్ద లక్ష్యానికీ నారికీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. బాణం దాని పక్కనుంచి పోవాలి. నారి వెనకనుంచి తోస్తుంది, ముందున్న ములుకు బరువు ఒక్కసారిగా కదలనంటుంది, నడుమ పుల్ల నలిగి వంగుతుంది. ఒకసారి విల్లు వైపు, మరుక్షణం అవతలికి. ఆ ఊగిసలాటలోనే తోక విల్లుని రాసుకోకుండా తప్పుకుంటుంది. ఆ తర్వాత చేపలా అటూ ఇటూ ఆడుతూ నెమ్మదించి తిన్నగా పోతుంది. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ వేగంగా తిరిగే కెమెరాతో దీన్ని పట్టి చూపించాడు. కుడిచేత్తో నారి లాగేవాడికి పుల్ల మరీ గట్టిదైతే బాణం ఎడమకు పోతుంది, మరీ మెత్తనిదైతే కుడికి. నా కళ్ళజోడు ఖర్చు దండగ.

ఈ బిగువుని ఇంగ్లీషువాళ్ళు ‘స్పైన్’ అంటారు, అంటే వెన్ను. కంపెనీ బాణాలకైతే 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పుల్లను పెట్టి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీసి, ఎంత కుంగిందో చూస్తారు. అర అంగుళం కుంగితే దాని నంబరు 500. నంబరు తగ్గేకొద్దీ పుల్ల గట్టిదన్నమాట. చెప్పుల సైజులా అనుకుని కొంటే దెబ్బతింటాం. నేను గోడకు రెండు మేకులు కొట్టి, కిరాణా కొట్టునుంచి కిలో రాయి అరువు తెచ్చి, స్కూలు స్కేలు నిలబెట్టాను. నంబర్లు రావు గానీ ఏది దేనికి జోడీయో తెలుస్తుంది. ఇరవై పుల్లల్లో ఒక్కలా కుంగినవి ఏడే.

అక్కడితో అయిపోదు. అదే పుల్ల పొడుగుంటే మెత్తగా నడుస్తుంది, కోస్తే బిగుస్తుంది. ములుకు బరువు పెంచితే మళ్ళీ మెత్తన. విల్లు బలమైనదైతే ఇంకా గట్టి పుల్ల కావాలి. అందుకే మొదట పొడుగ్గా ఉంచి, వేసి చూసుకుంటూ కాస్త కాస్త కోసుకోవాలి. కోసింది అతకదు. మూడు బాణాలు అలా పాడుచేశాకే ఈ ఓపిక వచ్చింది. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ విల్లులో నారిని వేళ్ళు కాక చిన్న యంత్రం వదులుతుంది, పక్క వంపు తక్కువ. అయినా విల్లుకు తగ్గ పుల్ల ఎంచుకోక తప్పదు.

వేటగాడికైతే ఇది పాయింట్ల గొడవ కాదు. అడ్డదిడ్డంగా ఊగుతూ తగిలిన బాణం లోతుకు దిగదు. జంతువు గాయంతో పారిపోయి ఎక్కడో పొదలో చస్తుంది. పాడేరు వైపు చైత్రంలో ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు బయలుదేరడం ఆచారం. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఆటపట్టించేవారు. బాణం ఎందుకు తప్పిందో ఆలోచించడానికి అంతకంటే కారణం కావాలా? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. నేను గడ్డిమోపుతోనే సరిపెట్టుకుంటున్నాను, దానికి గాయమైనా బాధ లేదు.

మళ్ళీ విగ్రహం దగ్గరికే వస్తే, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న ఈ కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడి సీతారామరాజు దళం తీసుకెళ్ళింది తుపాకులు, తూటాలు. దొరల రైఫిళ్ళ ముందు విల్లంబులతో గెలవలేమని వాళ్ళకు తెలుసు. అయితే తూటా అయిపోతే మరో స్టేషన్‌లోనే దొరకాలి, అదీ ఆ తుపాకీ గొట్టంలో పట్టేదే అయ్యుండాలి. అమ్ముకి అడవి ఉంది. అడవి పుల్లే ఇస్తుంది, దాన్ని తన విల్లుకు తగ్గట్టు ఏరుకోవడం మాత్రం విల్లు పట్టినవాడి పని. ఆ ఏరుకున్న వేళ్ళ సంగతి విగ్రహాలు చెక్కేవాళ్ళకు ఎవరైనా చెబుతారా అని నా అనుమానం.

నా ఏడు బాణాలూ ఇప్పుడు గడ్డిమోపు మధ్యలో జానెడు మేరలో దిగుతున్నాయి. మిగిలిన పుల్లల్ని మా ఆవిడ పెరట్లో చిక్కుడుపాదుకు ఊతంగా పాతేసింది. బాగా గట్టివి, వంగడం లేదని మెచ్చుకుంది.