మనసుకు నచ్చితే చాలునా?

ముహమ్మద్ అసద్ 1954లో ఆంగ్లంలో వెలువరించిన ‘ది రోడ్ టు మక్కా’ ఒక సత్యాన్వేషి ఆత్మకథ. 1900లో యూదు కుటుంబంలో లియోపోల్డ్ వైస్‌గా జన్మించిన ఆయన 1926లో బెర్లిన్‌లో ఇస్లాం స్వీకరించారు.

ఈ గ్రంథంలో పాఠకులకు బాగా గుర్తుండేది భూగర్భ రైలు ఘట్టం. తోటి ప్రయాణికులు కలిగినవారే; అయినా వారి ముఖాలలో ఏదో వేదన. ఇంటికి వచ్చి చూస్తే బల్లపై తెరచి ఉన్న దివ్య ఖుర్ఆన్‌లో ‘తకాసుర్’ సూరా కనిపించింది. ఇంకా ఇంకా కావాలనే ఆశను హెచ్చరించే సూరా అది. ఈ ఒక్క ఘట్టమే చదివితే, మనసు కదిలిన క్షణమే ధర్మాన్ని నిర్ణయిస్తుందని అనిపించవచ్చు.

గ్రంథసారం అది కాదు. 1922 నుండి ఆయన పశ్చిమాసియాలో సంచరించి ముస్లిముల జీవితాన్ని పరిశీలించారు. వారి లోపాలను వారి ముందే ఎత్తిచూపారు. ఆనాటి కదలికకు ఈ పరిశీలనే పునాది. 1932 నాటి ఎడారి ప్రయాణం నడుమ పాత జ్ఞాపకాలను చెప్పటంతో కాలక్రమం చెదిరి, ఆ పునాది కొంత మరుగున పడింది. రచనలో ఇది లోపమే.

1927లో తొలి హజ్ యాత్రకు వెంట వచ్చిన భార్య ఎల్సా మక్కాలోనే మరణించినా ఆయన వెనుదిరగలేదు. కేవలం నచ్చినందుకు పట్టిన దారి కష్టకాలంలో నచ్చకుండా పోవచ్చు. సత్యమని గ్రహించి పట్టిన దారి అలా విడిచిపోదు.