మగరాయుడూ, మహారాణీ

"మగరాయుడిలా ఆ నడకేవిటే!" కోనసీమలో పెరిగిన ఆడపిల్లల్లో ఈ మాట పడనివాళ్లు ఉంటారా? నేను రోజుకి రెండుసార్లు పడ్డాను. అమలాపురంలో మా అన్నయ్య చొక్కా తొడుక్కుని, కాలవగట్టు మీద వాడి సైకిలు తొక్కినందుకు మా మామ్మ ఓ మధ్యాహ్నమంతా గడప దాటనివ్వలేదు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే అడివి బాపిరాజుగారి "గోన గన్నారెడ్డి" నా చేతికి చిక్కింది. అందులో ఏముందో తెలిస్తే మామ్మ దాన్నీ లాక్కునేదే!

బాపిరాజుగారంటే మావైపు వాళ్లకి కాస్త సొంత అభిమానం. ఆయన "నారాయణరావు" నవలలో కథానాయకుడిది కొత్తపేట కదా మరి. మా ఇంట్లో ఆ నారాయణరావు గురించి చుట్టాలబ్బాయి కబురు చెప్పుకున్నట్టే చెప్పుకునేవారు. అలాంటి రచయిత ఓరుగల్లు కోటలోకి తీసుకెళితే వెళ్లకుండా ఎలా ఉంటాం?

గణపతిదేవ చక్రవర్తికి కొడుకులు లేరు. పెద్ద కూతురు రుద్రమని కొడుకులా పెంచాడు. రుద్రదేవుడన్న పేరు, మగదుస్తులు, కత్తిసాము అన్నీ వచ్చాయి. నవలలో ఇదంతా మహా రహస్యం. చాళుక్య వీరభద్రుడి ఎదుట ఆమె మనసు తడబడిన చోటల్లా నా గుండె దడదడలాడింది. ఎప్పుడు తెలుస్తుంది, ఎలా తెలుస్తుంది అన్న ఆత్రంలో పొయ్యిమీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. బాపిరాజుగారు చిత్రకారుడు కూడానేమో, కవచం కింద దాగిన కన్యని ఆయన చూపించినంత అందంగా ఇంకెవరు చూపిస్తారు?

ఈమధ్య మళ్లీ చదివాను. అందం తగ్గలేదు గానీ ఒక అనుమానం పట్టుకుంది. మగవేషం ఆమెకి చెరసాల అనీ, ప్రేమ వచ్చి తలుపు తీసిందనీ కదా కథ నడుస్తుంది. నాకు అన్నయ్య చొక్కా చెరసాల కాదండీ! అది తొడుక్కున్నప్పుడే గట్టు చివరిదాకా వెళ్లగలిగాను. విప్పాకే ఇంట్లో కూర్చున్నాను.

చరిత్ర తిరగేస్తే అనుమానం మరీ పెరిగింది. 1262 ప్రాంతంలో సింహాసనం ఎక్కిన ఆమెను శాసనాలు రుద్రదేవ మహారాజని పిలిచిన మాట నిజం. అంతమాత్రాన ఆడదని ఎవరికీ తెలియదనా? నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లయింది, కూతుళ్లు పుట్టారు. పైగా మోటుపల్లి సంగతులు రాసిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఈ దేశాన్ని ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని మెచ్చుకున్నాడు. చచ్చిపోయిన రాజుగారి భార్య అని పొరబడ్డాడనుకోండి. ఆడది గద్దె మీద ఉంటే ఎవరి భార్యో అయివుండాలనుకున్నాడు కాబోలు, పాపం! ఏమైనా, సముద్రాలు దాటి వచ్చినవాడికి తెలిసిన సంగతి సామంతులకి తెలియదా?

కాబట్టి అది మారువేషం కాదేమో. ప్లీడరుగారు కోర్టుకి నల్లకోటు వేసుకున్నట్టు, రాజ్యం చేసే పనికి అది దుస్తులు. అందరికీ తెలిసే, అందరి ఎదుటే వేసుకున్నది. అప్పుడు "ఎప్పుడు బయటపడుతుంది?" అన్న ప్రశ్న పోయి "తెలిసీ తలవంచుతారా?" అన్న ప్రశ్న వస్తుంది. కాయస్థ అంబదేవుడు వంచలేదు, తిరగబడ్డాడు. నవలకి మొదటి ప్రశ్న తేలిక. రెండోది రాసుంటే ఎంత బావుండేదో! నోరి నరసింహశాస్త్రిగారూ రుద్రమ మీద నవల రాశారు గానీ, మా తరం ఆడపిల్లల దిండు కింద ఉన్నది మాత్రం బాపిరాజుగారే.

2015లో వచ్చిన గుణశేఖర్ సినిమా కూడా రహస్యాన్నే పట్టుకుంది. అనుష్క గుర్రం మీద చూడముచ్చటగా ఉంది, కాదనను. నా మనసంతా నిత్యామీనన్ వేసిన ముక్తాంబ మీదే ఉండిపోయింది. రుద్రదేవుడికిచ్చి పెళ్లి చేశారే, ఆ పిల్ల! రాజ్యం కోసం రుద్రమ ఏం వదులుకుందో అందరూ చెబుతారు. ముక్తాంబ ఏం వదులుకుందో అడిగే కథ ఇంకా రావాలి.

అన్నట్టు, వీరభద్రుడు మన గోదావరి అల్లుడు కాదు, గోదావరి నుంచి ఓరుగల్లు వెళ్లిన అల్లుడు. ఇవాళ ఆయన పేరు ఎవరైనా చెబితే "రుద్రమదేవి భర్త" అనే చెబుతారు. మనకి అలవాటైన వరసే, అటుది ఇటయింది.

నల్గొండ ప్రాంతపు చందుపట్లలో 1289 నాటి శాసనం ఒకటి ఉంది. ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు పోయాక వారికి పుణ్యం కోసం భూమి దానమిచ్చి వేయించినది. ఆ రాతి మీద మహారాజు లేడు. రుద్రమదేవి అనే ఉంది.