ఎంత ఖాళీ ఉంచామన్నదే కొలత

2007 ఆగస్టులో ఐబీఎం ఒక ప్రకటన చేసింది. తన సొంత డేటాసెంటర్లలో నడుస్తున్న సుమారు 3,900 సర్వర్లను తీసేసి, వాటి పనంతా లైనక్స్ నడిపే సుమారు 30 మెయిన్‌ఫ్రేములకు అప్పగిస్తామంది. దాంతో కరెంటు వాడకం 80 శాతం దాకా తగ్గుతుందని అంచనా కట్టింది. ఆ అంకెలు మా వృత్తిలో పెద్ద చర్చ లేపాయి. ఆ తర్వాత ఏ కంపెనీ మీటింగులో కూర్చున్నా మేనేజర్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ‘మనం ఎన్నింటిని ఒకదాంట్లో పెట్టగలం? పదా, ఇరవయ్యా?’

హైదరాబాద్‌లో కూర్చుని ఎక్కడెక్కడి కంపెనీల సర్వర్లనో కొద్ది యంత్రాల్లోకి చేర్చే పని ఏళ్ల తరబడి చేశాను. మార్పులు చేయడానికి ఇచ్చే చేంజ్ విండో అమెరికాలో శనివారం రాత్రి అంటే మనకు ఆదివారం పొద్దున. అలాంటి ఆదివారాలు నాకు నేర్పింది ఒకటుంది. ఎన్ని సర్వర్లు కలిపామన్నది చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, కలిపాక ఎంత ఖాళీ ఉంచామన్నదే ఈ పనికి అసలు కొలత.

సర్వర్లు అంత ఖాళీగా ఎందుకు పడి ఉండేవో ముందు చూడాలి. ఒక అప్లికేషన్‌కు ఒక సర్వర్ అన్నది అప్పట్లో రాయని నియమం. రెండు అప్లికేషన్లను ఒకే విండోస్ మీద పెడితే ఒకదాని ఫైళ్లు ఇంకోదానికి పడేవి కావు. ఒకదానికోసం రీబూట్ చేస్తే రెండోదీ ఆగేది. ‘మా సాఫ్ట్‌వేర్ పక్కన వేరేది ఉంటే సపోర్ట్ ఇవ్వం’ అని అమ్మినవాళ్లు ముందే చెప్పేసేవారు. పైగా ఏ శాఖ బడ్జెట్ ఆ శాఖది. అయిదేళ్ల తర్వాత ఎంత అవసరమవుతుందో ఊహించుకుని ఇవాళే అంత పెద్ద యంత్రం కొనేవారు. అలా ర్యాకులు నిండాయి, వాటిలోని యంత్రాలు ఖాళీగా మిగిలాయి.

ఈ ఖాళీకి ఖర్చుంది. గూగుల్ ఇంజినీర్లు బరోసో, హోల్జ్‌లే 2007లో రాసిన పత్రం ప్రకారం సర్వర్లు ఎక్కువ సమయం 10 నుంచి 50 శాతం సామర్థ్యంతోనే పనిచేసేవి. ఏ పనీ చేయని సర్వర్ కూడా, పూర్తిగా పనిచేసేటప్పుడు తాగే కరెంటులో దాదాపు సగం తాగేది. గూగుల్ లాంటి చోటే లెక్క అలా ఉంటే, మామూలు కంపెనీలో సెలవు చీటీల అప్లికేషన్ నడిపే సర్వర్ సంగతి వేరే చెప్పాలా? ఊరికే నిలబడి 200 వాట్లు లాగే యంత్రం ఏడాదికి 1,752 యూనిట్లు కాలుస్తుంది. దాన్ని చల్లబరచడానికయ్యేది అదనం.

ఒకే యంత్రంలో పలు యంత్రాలున్నట్టు నడిపించే విద్య పాతదే. ఐబీఎం మెయిన్‌ఫ్రేముల్లో వీఎం/370 పేరుతో 1972లోనే వచ్చింది. ఇంటెల్ రకం చిప్పుల మీద మాత్రం చాలాకాలం కుదరలేదు. వాటిలోని కొన్ని ఆదేశాలు, పలు యంత్రాలున్నట్టు నడిపించే హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ చేతికి చిక్కకుండా తప్పించుకునేవి. 1998లో మొదలైన వీఎంవేర్ ఆ ఆదేశాలను నడుస్తుండగానే మార్చి రాసే పద్ధతితో దారి తీసింది. 2001లో ఈఎస్‌ఎక్స్ సర్వర్ వచ్చింది. 2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి జెన్ అనే హైపర్‌వైజర్, అదే ఏడాది నడుస్తున్న వీఎంను (యంత్రం లోపలి యంత్రాన్ని) ఆపకుండా ఒక హోస్ట్ (వీఎంలను మోసే అసలు యంత్రం) నుంచి ఇంకో హోస్ట్‌కు తరలించే వీమోషన్ వచ్చాయి. 2005, 2006 సంవత్సరాల్లో ఇంటెల్, ఏఎండీ చిప్పులే ఇందుకు అనువుగా మారాయి. 2007లో కేవీఎం అనే మరో హైపర్‌వైజర్ లైనక్స్ కెర్నెల్‌లో భాగమైంది. కొన్నాళ్లకే అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద వీఎంవేర్ పేరు ఎక్కింది. మన పిల్లలు ఎందరో ఆ మెట్ల మీదుగానే ఈ వృత్తిలోకి వచ్చారు.

కోచింగ్‌లో నేర్పేది టూల్. పని మొదలయ్యేది అడగడంతో. ఈ సర్వర్ ఎవరిది, ఏం నడుస్తోంది, ఏ రోజున దాని మీద బరువు పడుతుంది? పెద్ద కంపెనీలో ఈ మూడింటికీ జవాబున్న సర్వర్లు తక్కువ. కొన్నవాళ్లు వేరే శాఖకు వెళ్లిపోయి ఉంటారు, జాబితాలో పేరొకటి, పెట్టె మీద అంటించిన పేరు ఇంకొకటి ఉంటుంది. ఇక్కడివాళ్లయినా అక్కడివాళ్లయినా అప్లికేషన్ యజమానుల మాట ఒకటే: ‘నడుస్తున్నదాన్ని నడవనివ్వండి, ముట్టుకోవద్దు.’ ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. ఆ సర్వర్ ఆగితే జీతాలు పడవనీ, బిల్లులు పోవనీ వాళ్లకే తెలుసు. ఓపిగ్గా కూర్చుని వింటే, ఏ డాక్యుమెంటులోనూ లేని సంగతులు వాళ్ల నోటే బయటపడతాయి. వెనకాల యూఎస్‌బీ పోర్టుకు లైసెన్స్ డాంగిల్ తగిలించి ఉందనీ, నెట్‌వర్క్ కార్డు అడ్రస్ మారితే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదనీ తెలిసేది అప్పుడే. ఎవరూ నాది అనని సర్వర్‌ను వెంటనే ఆపేయకూడదు. ముందు నెట్‌వర్క్ తీసి, ఒక నెలాఖరూ ఒక త్రైమాసికాంతమూ గడిచేదాకా ఆగి, అప్పుడు కరెంటు తీయాలి.

అడగడం తర్వాత కొలవడం. ఇక్కడ సగటును నమ్ముకోవడమే పెద్ద ప్రమాదం. వారం రోజులు కొలిస్తే జీతాల సర్వర్ నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది, ఎందుకంటే దాని పనంతా నెలాఖరుకే. అకౌంట్స్ వాళ్లదీ అప్పుడే, రిపోర్టులదీ అప్పుడే. ఏడాదంతా సీట్లు మిగిలే బస్సులు సంక్రాంతికి చాలవు, అందరూ ఒకేసారి ఊరికి బయలుదేరతారు కాబట్టి. సర్వర్లూ అంతే. ఒక్కోటి 10 శాతమే వాడుతోందని లెక్కగట్టి ఎనిమిదింటిని ఒక హోస్ట్ మీద పెడితే నెలంతా బాగుంటుంది, చివరి రోజున అన్నీ కలిసి కూలబడతాయి. అర్ధరాత్రి బ్యాకప్‌లూ యాంటీవైరస్ స్కాన్లూ ఇలాగే ఒకే గంటకు మొదలవుతాయి. వాటి వేళలు విడదీయాలి. నెలాఖరు బరువున్నవాటి పక్కన పగటి బరువున్నవాటిని పెట్టాలి. ఈ జతలు కుదర్చడంలోనే మా విద్య ఉంది.

సీపీయూను వంతులవారీగా పంచుకోవచ్చు. మెమరీ అలా కాదు, పట్టుకున్నవాళ్లు సులభంగా వదలరు. ముఖ్యంగా డేటాబేస్‌లు. ఒకేలా ఉన్న పేజీలను కలిపి దాచడం, వాడని మెమరీని వీఎం లోపలి నుంచి వెనక్కి రాబట్టడం లాంటి ఉపాయాలను వీఎంవేర్ ఇంజినీరు కార్ల్ వాల్డ్‌స్పర్జర్ 2002లోనే వివరించారు. అవి మంచి ఉపాయాలు. వాటిని చూసుకుని లేని మెమరీని అందరికీ హామీ ఇచ్చేస్తే, ఒక రోజున హోస్ట్ మెమరీ బదులు డిస్క్ వాడటం మొదలుపెడుతుంది, అందులో ఉన్నవన్నీ ఒక్కసారే నత్తనడక పడతాయి. అవసరానికి మించి వీసీపీయూలు (వీఎంకు కేటాయించే సీపీయూలు) ఇవ్వడమూ మేలు కాదు. ఎనిమిది అడిగి రెండే వాడే వీఎం తానూ వంతుకోసం ఎదురుచూస్తుంది, పక్కవాటినీ ఎదురుచూసేలా చేస్తుంది. సీపీయూ రెడీ అనే కొలమానం చూస్తే అది తెలిసిపోతుంది.

ఇప్పుడు ఖాళీ సంగతి. క్లస్టర్‌లో, అంటే ఒక జట్టుగా పనిచేసే యంత్రాల్లో, నాలుగు హోస్టులున్నాయనుకుందాం. ఒకటి చచ్చిపోతే దానిమీది వీఎంలన్నీ మిగతా మూడింట్లో లేవాలి. అంటే మామూలు రోజుల్లో ఏ హోస్టూ 75 శాతం దాటకూడదు. రెండే ఉంటే 50. ఎనిమిది ఉంటే 87.5 దాకా వెళ్లవచ్చు. ప్యాచ్ వేయడానికి ఒకదాన్ని పక్కన పెట్టిన రాత్రే మరొకటి పోయినా తట్టుకోవాలంటే ఇంకా తగ్గాలి. కానీ డాష్‌బోర్డులో 60 శాతం కనిపిస్తే ‘ఇంకా 40 శాతం వృథాగా ఉంది కదా, కొత్త ప్రాజెక్టు అందులోనే పెట్టేయండి’ అంటారు. అది వృథా కాదు. కంపెనీ డబ్బు పెట్టి కొనుక్కున్న భద్రత అది. దాన్ని కాపాడటానికి నోరు తెరిచి ‘కుదరదు’ అనగలగడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే ముఖ్యమైన నైపుణ్యం అంటాను.

ఎందుకంటే కలపడం అంటే ప్రమాదాన్నీ కలపడమే. ఇదివరకు ఒక సర్వర్ పోతే ఒక శాఖ ఆగేది, ఇప్పుడు ఒక హోస్ట్ పోతే ఎన్నో ఆగుతాయి. ఒకటి పోతే ఇంకోటి ఉండాలని రెండేసి పెట్టుకున్న సర్వర్లు వీఎంలయ్యాక ఒకే హోస్ట్ మీద చేరితే ఆ జాగ్రత్తకు అర్థమే ఉండదు. రెండూ వేర్వేరు హోస్టుల్లోనే ఉండాలన్న నియమం మొదటి రోజే రాసి పెట్టాలి. దాడి జరిగినా అంతే. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ ఎన్నో దేశాల్లో హైపర్‌వైజర్ల మీద పడి వీఎంల ఫైళ్లకు తాళం వేసింది. అందుకు వాడిన లోపంగా అప్పట్లో చెప్పిన దానికి ప్యాచ్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చేసింది. రెండేళ్లయినా దాన్ని వేయనివాళ్లు ఎందరో ఉన్నారు. ప్యాచ్ వేయాలంటే హోస్ట్‌ను ఖాళీ చేయాలి, ఖాళీ చేయాలంటే మిగతావాటిలో చోటుండాలి. క్లస్టర్‌ను నిండుగా నింపినచోట ప్యాచ్ వాయిదా పడుతూనే ఉంటుంది.

మిగిల్చిన చోటును తినేసేవి పెద్ద ప్రాజెక్టులే కాదు. ఇదివరకు సర్వర్ కావాలంటే వారాలు పట్టేది, సంతకాలు కావాల్సివచ్చేది. ఇప్పుడు వీఎం నిమిషాల్లో వస్తుంది. టెస్ట్‌కని తీసుకున్నది టెస్ట్ అయ్యాకా ఉండిపోతుంది, రెండు రోజులకని తీసిన స్నాప్‌షాట్ నెలల తరబడి స్టోరేజ్‌ను మింగుతుంది. యజమాని పేరూ ముగింపు తేదీ లేకుండా ఒక్క వీఎం కూడా పుట్టకూడదన్నది నేను ఎక్కడా వదులుకోని నియమం. గడువు దాటితే అడగాలి, జవాబు రాకపోతే ఆపాలి, ఆపినా ఎవరూ రాకపోతే బ్యాకప్ ఉంచుకుని తీసేయాలి. అలాగే వీఎంగా మారిన పాత సర్వర్‌ను ‘ఎందుకైనా మంచిది’ అని ర్యాక్‌లో నడుస్తూ ఉంచితే ఆదా అన్నది కాగితం మీదే. గడువు పెట్టి కరెంటు తీసి, డిస్కులు చెరిపి, ర్యాక్‌లోంచి దించేదాకా పని పూర్తయినట్టు కాదు.

ఇంకో ఆలోచనా అవసరం. అన్నిటినీ ఒకే హైపర్‌వైజర్ మీదికి చేర్చాక దాన్ని అమ్మే సంస్థ ధర మారిస్తే కంపెనీ లెక్కలన్నీ మారతాయి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ను కొన్నది. ఆ మరుసటి నెలలోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. అప్పటి నుంచి ఎన్నో కంపెనీలు కేవీఎం, హైపర్-వీ లాంటి వేరే హైపర్‌వైజర్ల దారులు వెతుకుతున్నాయి. తమ దగ్గర ఏముందో, ఏది ఎవరిదో స్పష్టంగా రాసి పెట్టుకున్నవాళ్లకు ఆ ప్రయాణం తేలిక. మొదట్లో అడిగి రాసుకున్న జాబితా ఎప్పటికీ పనికొస్తుంది.

ఈ పనిలోకి వస్తున్న యువ ఇంజినీర్లకు నేను చెప్పేది ఇదే. టూల్ నేర్చుకోండి, దానికంటే ముందు అడగడం నేర్చుకోండి. నెలాఖరు చూడకుండా ఏ సర్వర్‌నూ కదపకండి. నిర్ణయాలు తీసుకునే మేనేజర్లను ఒక్కటే కోరుతున్నాను. ఎన్ని కలిపారని అడగకండి. రేపు ఒక హోస్ట్ ఆగిపోతే మిగతావి దాని బరువు మోయగలవా అని అడగండి. ఆ ప్రశ్నకు మీ ఇంజినీరు అంకెలతో అవునని చెప్పగలిగినప్పుడే మీ కంపెనీలో ఈ పని సరిగ్గా జరిగినట్టు.