విమానం ఎక్కకముందు కథ

మొయినాబాదులో ఉండే మా చిన్నమ్మ క్యోటో వెళ్ళబోతోంది. అక్కడున్న కూతురికి నెలలు నిండుతున్నాయి. "నువ్వు పుస్తకాలు రాసేదానివి గదా బిడ్డా, పోయేముందర సదువుకోనీకి ఏమన్న ఇయ్యి" అని అడిగింది.

నేను సంబరపడిపోయి మూడు యాత్రాగ్రంథాలు ఇచ్చాను. రెండు ఈమధ్య వచ్చినవి. మూడోది, ఒకప్పుడు సింగపూరు వెళ్ళొచ్చి నేను రాసుకున్నది. వారం తిరిగేసరికి మూడూ విమర్శతో సహా వెనక్కొచ్చాయి.

"మంచిగనే ఉన్నయి గానీ, వీళ్ళకెవ్వరికీ మోకాళ్ళు నొయ్యవా?"

అప్పటికి నవ్వేశాను. ఇంటికొచ్చి మళ్ళీ తిరగేస్తే చిన్నమ్మ మాటే నిజమనిపించింది. మన యాత్రారచనల్లో మొదటి పేరాలోనే విమానం లేస్తుంది, రెండో పేరాలో దిగిపోతుంది. మూడో పేజీకల్లా రాజభవనం, దాన్ని కట్టించిన సంవత్సరం, దాని ఎత్తు! క్యోటో 794లో రాజధాని అయిందనీ, వెయ్యేళ్ళకు పైగా చక్రవర్తులు అక్కడే ఉన్నారనీ తెలుసుకోవడం మంచిదే. కానీ ఆ ఊళ్ళో విమానాశ్రయం లేదనీ, ఒసాకా దగ్గర కాన్సాయిలో దిగి, ఇంకో గంటంబావు రైల్లో వెళ్ళాలనీ చిన్నమ్మకి ముందుగా ఎవరు చెప్పాలి? దారి మధ్యలో విమానం మారాలి. ఇంగ్లీషు రాని అరవై ఐదేళ్ళ ఆవిడ ఒక్కతే ఆ బోర్డులన్నీ ఎలా చదువుకుంటుంది?

ఇంకా ఉన్నాయి. చేవెళ్ళ సంతలో ఏరి కొన్న కరివేపాకూ కూరగాయలూ తనిఖీ ధ్రువపత్రం లేనిదే జపాను గడప దాటవు. డాక్టరు రాసిన మందులు నెలరోజులకు మించితే ముందే అనుమతి తీసుకోవాలి. ఉత్త కూరగాయల చారులాగే కనిపించినా, అందులో చేపను మరిగించిన నీళ్ళుండొచ్చు. శాకాహారులకి ఇది ఎంత ముఖ్యమైన సంగతి!

వీసాకి ఏ రోజు ఎక్కడుంటారో రోజువారీ పట్టిక రాసివ్వాలి. రాయడానికి నేనే కూర్చున్నాను. "అన్ని దినాలు బిడ్డ ఇంట్లనే ఉంట, గదే రాయి" అంది చిన్నమ్మ. రాస్తూంటే అనిపించింది, మన యాత్రాగ్రంథాలు చాలావరకు ఈ పట్టికలే కదా అని. ఫలానా రోజు ఫలానా చోటు చూశాం, అంతే.

చిలుకూరు గుడి మాకు దగ్గరే. వీసా రావాలని పదకొండు ప్రదక్షిణాలు చేసేవాళ్ళూ, వచ్చాక నూట ఎనిమిది చేస్తూ చేతిలోని కార్డు మీద లెక్క పెట్టుకునేవాళ్ళూ కనిపిస్తారు. ఎన్ని ప్రయాణాల మొదటి అధ్యాయాలు అక్కడ తిరుగుతున్నాయో! అవి ఏ పుస్తకంలోకీ ఎక్కవు.

ఆఖరికి ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర పట్టుకెళ్ళి కొంత చదివి వినిపించాను. ఆయన 1830లో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో బయల్దేరి, 1831లో తిరిగొచ్చాడు. ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయో, బాట ఎలా ఉందో, ఏరు దాటడం ఎలాగో ఓపిగ్గా రాసుకుంటూ పోయాడు. కాలేజీలో చదివినప్పుడు నాకు విసుగొచ్చిన పేజీలే అవి! చిన్నమ్మ మాత్రం చెవులు రిక్కించి విన్నది. "ఈయన ఎనకొచ్చేటోళ్ళ కోసం రాసిండు" అంది.

యాత్రాగ్రంథానికి ఇంతకన్నా మంచి కొలత నాకు తెలీదు. రాసినవాళ్ళ గొప్ప కోసమా, వెనకొచ్చేవాళ్ళ కోసమా?

ఆ కొలత నా పుస్తకానికే పెట్టి చూశాను. నేను సింగపూర్లో ఉన్న పదిరోజులూ చేవెళ్ళలో మా అత్తగారు నా ఇద్దరు పిల్లల్ని చూసుకున్నారు. చిన్నవాడికి జ్వరం వస్తే నేను బెంగపడతానని ఫోనులో చెప్పనేలేదు. నూట ముప్ఫై పేజీల్లో ఆవిడ ప్రస్తావనే లేదు. పుస్తకం చదివి "బాగుందమ్మా" అని మాత్రం అన్నారు. ఆ "బాగుంది"లో ఏముందో ఇన్నేళ్ళకి తెలిసింది. రెండో ముద్రణంటూ వస్తే, నా ప్రయాణం ఆవిడ వంటింట్లోంచే మొదలుపెడతాను.

చిన్నమ్మ ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకుంది. వెళ్ళేది ఆవిడే అయినా, మొదటి పేజీ ఇంట్లో ఉండిపోయే చిన్నాయన కోసం. "ఉప్పు డబ్బ పొయ్యికి ఎడమ దిక్కు ఉంటది" అని రాసింది.

క్యోటో సంగతులు రెండో పేజీ నుంచి.