ముందు బలం, ఆ తర్వాతే వేగం

1964 జనవరిలో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన కారు పొడవు పది అడుగులు. చక్రాలు పదంగుళాలవి. ఇంజిన్ 1071 సీసీ. ఉత్తర ఐర్లండ్ డ్రైవర్ ప్యాడీ హాప్‌కిర్క్, దారి చెప్పే హెన్రీ లిడన్‌తో కలిసి నడిపిన ఆ ఎర్రటి మినీ కూపర్ ఎస్ తర్వాతి స్థానంలో 4.7 లీటర్ల ఫోర్డ్ ఫాల్కన్ నిలిచింది. ఇంజిన్ సైజును బట్టి ఇచ్చే వెసులుబాటు చిన్న కారుకు కలిసొచ్చిన మాట నిజమే. కానీ మంచు కమ్మిన ఆల్ప్స్ మలుపుల్లో అంత పెద్ద కారుకు దీటుగా పరుగెత్తడం వెసులుబాటుతో వచ్చేది కాదు. 1965లోనూ 1967లోనూ మినీయే గెలిచింది.

సూయజ్ సంక్షోభంతో బ్రిటన్‌లో పెట్రోలుకు కటకట వచ్చాక, అలెక్ ఇసిగోనిస్ 1959లో సామాన్య కుటుంబాల కోసం తీర్చిదిద్దిన బండి ఇది. 848 సీసీ ఇంజిన్, 34 హార్స్‌పవర్. ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి, గేర్‌బాక్స్‌ను దాని కిందే అమర్చి, చక్రాలను నాలుగు మూలలకు జరిపాడు. చోటు మిగల్చడానికి చేసిన ఆ ఏర్పాటే మలుపుల్లో కారుకు పట్టునిచ్చింది. రేసు కార్ల తయారీదారు జాన్ కూపర్ దాన్ని గుర్తించాడు. 1961లో వచ్చిన మినీ కూపర్‌కు 997 సీసీ ఇంజిన్, 55 హార్స్‌పవర్, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు అమరాయి.

ఆ రోజుల నాటి మినీని రేసుకు సిద్ధం చేసేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ పనిలో కొత్తవాళ్లు ముందుగా ఇంజిన్ మీద పడతారు. చేయి తిరిగినవాళ్లు బాడీతో మొదలుపెడతారు. సీట్లు, కార్పెట్లు, అద్దాలు, వైరింగ్ అన్నీ విప్పి, ఉత్త రేకు మిగిలేదాకా వెళ్తారు. తుప్పు తిన్న రేకును కోసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. తర్వాత లోపల ఉక్కు గొట్టాలతో రోల్ కేజ్ కడతారు. కారు పల్టీ కొడితే డ్రైవర్‌ను కాపాడేది అదే. పైగా అది బాడీ మెలి తిరగకుండా బిగించి ఉంచుతుంది. బాడీ మెలి తిరుగుతుంటే సస్పెన్షన్‌ను ఎంత సరిచేసినా ఫలితం ఉండదు.

తర్వాతి వంతు కారును ఆపే, తిప్పే ఏర్పాట్లది. బ్రేకుల్లో వేడికి తట్టుకునే ప్యాడ్లు, తాజా ఫ్లూయిడ్ పడతాయి. మినీ సస్పెన్షన్‌లో స్ప్రింగులకు బదులు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు కోన్లు ఉంటాయి. కారు ఎత్తు తగ్గించి, ముందు చక్రాల పైఅంచులు కాస్త లోపలికి వాలేలా అమరుస్తారు. మలుపులో బండి పక్కకు ఒరిగినప్పుడు బయటి టైరు నిండుగా నేలను పట్టుకోవడానికే ఈ వాలు. అదే మలుపులో బరువు తగ్గిన లోపలి చక్రం ఊరికే తిరిగిపోకుండా లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేస్తారు.

ఆ తర్వాత గానీ ఇంజిన్ దించరు. అసలు నైపుణ్యమంతా సిలిండర్ హెడ్డులో ఉంది. నాలుగు సిలిండర్లున్నా దీనికి గాలి తీసుకునే దారులు రెండే, పొగ వదిలే దారులు మూడే. రెండేసి సిలిండర్లు ఒకే దారిలో గాలి పంచుకోవాలి. ఆ దారుల వంపులను ఎక్కడ ఎంత అరగదీయాలో తెలిసినవాడే పనిమంతుడు. ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో డౌన్‌టన్ ఇంజినీరింగ్ నడిపిన డానియల్ రిచ్మండ్ ఈ విద్యకు పెట్టింది పేరు. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్‌షాఫ్ట్ వేస్తే పైవేగంలో శక్తి పెరుగుతుంది, కింది వేగంలో తగ్గుతుంది. రేసుకు నప్పే ఇంజిన్ బజారు ట్రాఫిక్‌లో ఇబ్బంది పెట్టేది అందుకే. ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే ఆయిల్‌తో నడుస్తాయి కాబట్టి ఆయిల్ కూలర్ తప్పనిసరి. ఏటవాలు పళ్ల గేర్ల స్థానంలో తిన్నని పళ్లవి పడతాయి. అవి గట్టిగా రొద చేస్తాయి, కానీ శక్తిని తక్కువగా తింటాయి.

ఇంతటి పనికీ ఒక హద్దుంది. పాత కార్ల పోటీలకు అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ 'అపెండిక్స్ కె' నిబంధనలు పెట్టింది. ఆ కాలంలో ఆ మోడల్‌కు అనుమతించిన భాగాలే వాడాలి. ప్రాణరక్షణ ఏర్పాట్లు మాత్రం నేటివి ఉండాలి. ఈ సంప్రదాయానికి విలువ తెచ్చింది ఈ హద్దే అని నా నమ్మకం. నేటి ఇంజిన్ తెచ్చి పాత డొక్కులో బిగిస్తే వేగం వస్తుంది, చరిత్ర పోతుంది. హద్దులో ఉంటూ ఆ పాత ఇంజిన్‌తోనే గెలవాలంటే, అరవై ఏళ్ల కిందటి మెకానిక్ ఆలోచనను మళ్లీ ఆలోచించాలి. ఆ జ్ఞానం పుస్తకాల్లో కన్నా చేతుల్లో ఎక్కువగా బతుకుతుంది. 2019లో మినీకి అరవై ఏళ్లు నిండినప్పుడు ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్ ట్రాక్ మీద మినీలకే ప్రత్యేకంగా రేసు పెట్టగలిగారంటే, ఆ చేతులు ఇంకా పనిచేస్తున్నందువల్లే.

ఈ విద్య మనకు పరాయిది కాదు. మన రోడ్లమీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, మినీని తయారుచేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపకల్పనే. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలోని షోలవరం రన్‌వే మీద ఒకప్పుడు ఫియట్లు, హెరాల్డులు రేసులాడాయి. ఆ బళ్లను సిద్ధం చేసిన మెకానిక్‌లలో ఇంకా మన మధ్య ఉన్నవారి దగ్గర కూర్చుని, వాళ్లకు తెలిసింది రాసి పెట్టుకోవాలి.

మీ ఇంట్లో తాతగారి నాటి కారు చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని కోయకండి. రేసు కారుకు తుప్పు పట్టి మూలన పడిన బాడీని ఎంచుకోండి. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టి దాచండి. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా మార్చిన బండిని రోడ్డెక్కించడం చట్టవిరుద్ధం కాబట్టి, దాన్ని ట్రాక్ మీదే నడపండి.