పారేసిన రాణులు

పోకర్ బల్ల దగ్గర డీలర్ మారే క్షణం చూడాలి. అప్పటిదాకా పంచిన అమ్మాయి లేచే ముందు రెండు చేతులూ ఒకసారి తట్టి, అరచేతులు తిప్పి, వేళ్లు విడదీసి చూపించింది. నా దగ్గర చిప్ లేదు, ముక్క లేదు అని పైనున్న కెమెరాకి చెప్పడం అది. ఆమె స్థానంలో కూర్చున్న అబ్బాయి 52 ముక్కల్నీ బల్ల మీద వెల్లకిలా పరిచి అందరికీ చూపించాడు. బోర్లించి, రెండు అరచేతులతో గుండ్రంగా తిప్పుతూ కలగలిపాడు. మళ్లీ కూడదీసి, కలిపి, కోసి, అడుగున ప్లాస్టిక్ ముక్క పెట్టి పంచడం మొదలెట్టాడు. తొమ్మిది మందికి రెండేసి ముక్కలు. ఒక్కటి కూడా గాల్లోకి లేవలేదు. బట్ట మీద జారుతూ వచ్చి ఎవరి ముందు ఆగాల్సింది వాళ్ల ముందే ఆగింది. ఈ వారం పణజిలో చూసిన సినిమాల కంటే ఆ చేతులే నాకు ఎక్కువ గుర్తుండిపోయాయి.

వెళ్లింది మాత్రం సినిమాల పనికే. 2004 నుంచి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం పణజిలోనే జరుగుతోంది కాబట్టి నవంబరు వస్తే మా పత్రిక నుంచి ఎవరో ఒకరు మాండవి ఒడ్డుకి చేరాల్సిందే. పగలంతా కళా అకాడమీకీ ఐనాక్స్‌కీ మధ్య తిరుగుడు, రాత్రి రిపోర్టు. చీకటి పడితే నదిలో కాసినో ఓడల దీపాలు వెలుగుతాయి. రిపోర్టు పంపేసిన ఒక రాత్రి విశాఖ నుంచి వచ్చిన కుర్ర విలేకరి "అన్నా, ఒక్కసారి చూసొద్దాం రండి" అన్నాడు. జెట్టీ దగ్గర వయసు చూశారు, 21 నిండాలి. గోవా వాసులం కాదని కూడా తేల్చుకున్నారు. స్థానికులు కాసినోల్లో ఆడకూడదన్న నిషేధం 2020 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. సొంత జనానికి వద్దనుకున్నది పొరుగు రాష్ట్రాలవాళ్లకి ఎలా తగిందో ఇంకో వారం మాట్లాడుకుందాం.

రూలెట్, బకారా, అందర్ బాహర్ బల్లల దగ్గర నేను నిలబడలేదు. అక్కడ మన ఎదుట ఆడేది కాసినోనే, లెక్క మొదట్నుంచీ దానివైపే మొగ్గి ఉంటుంది. పోకర్ సంగతి వేరు. బల్ల, పేక, డీలరు కాసినోవి. ఎవరు గెలిచినా దానికి ఒకటే, పందేలన్నీ పోగయ్యే పాట్ లోంచి రేక్ పేరుతో కొంత శాతం తీసుకుని పక్కకి తప్పుకుంటుంది. మిగిలిందంతా మనకీ ఎదుటి మనిషికీ మధ్య. అక్కడ ఆడే టెక్సస్ హోల్డెమ్ మా ఇంట్లో ఎప్పట్నుంచో ఆదివారాల ఆట. చిప్స్ బదులు చింతపిక్కలు పెట్టుకుంటాం.

నా పాత పాట ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలిసిందే. ముఖం చూడకండి, చేతులు చూడండి. కల్లుగీత మీద రాసినప్పుడూ అదే అన్నాను, ఆత్రేయపురం పూతరేకుల మీద రాసినప్పుడూ అదే అన్నాను. పోకర్ అనగానే అందరూ కదలని ముఖం గురించే చెబుతారు. అయితే 2013లో మైకేల్ స్లీపియన్ అనే మనస్తత్వ పరిశోధకుడు, సహచరులతో కలిసి దీన్ని పరీక్షించాడు. 2009 ప్రపంచ పోకర్ సిరీస్ వీడియోల్లోంచి ఆటగాళ్లు పందెం కాసే క్లిప్పులు కత్తిరించి విద్యార్థులకి చూపించాడు. ముఖం మాత్రమే చూసినవాళ్లు ఎవరి దగ్గర మంచి ముక్కలున్నాయో పట్టలేకపోయారు. చిప్స్ ముందుకు తోసే చేతులు మాత్రమే చూసినవాళ్లు ఊహకి అందేదానికంటే మెరుగ్గా చెప్పారు. అది చదివిన రోజు నాకు పండగ. అదే సంగతి నాకు చిన్నప్పుడే చెప్పిన మనిషి మా పెదనాన్న.

మాది కృష్ణా డెల్టాలో చిన్న టౌను. అక్కడి క్లబ్బులో సాయంత్రం ఆరింటికి ఒకే బల్ల, దాని చుట్టూ అవే నాలుగు కుర్చీలు, అదే పదమూడు ముక్కల రమ్మీ. పెదనాన్న, ఒక ఎల్.ఐ.సి. ఏజెంటు, అరటికాయల వ్యాపారి, హైస్కూలు డ్రిల్లు మాస్టారు. లెక్కలు ఒక నోటుబుక్కులో రాసుకుని ఒకటో తారీకున తీర్చుకునేవాళ్లు. ఇంటికి రమ్మని పిలవడానికి నన్ను పంపేది పెద్దమ్మ. నేను వెళ్లి ఆయన కుర్చీ వెనకే నిలబడిపోయేవాణ్ణి. ఆయన తన ముక్కల్ని ఒకసారి పేర్చుకున్నాక మళ్లీ వాటి వంక చూసేవారు కాదు. ఎవరు ఏది పారేశారు, ఎవరు ఏది ఎత్తుకున్నారు, అదే చూసేవారు. "ఒరే, ముక్క కాదు, అది పారేసే చెయ్యి చూడు" అనేవారు ఇంటికి నడిచేటప్పుడు. అరటికాయల వ్యాపారికి ఆట ఒక్క ముక్కలో ఆగి ఉంటే పారేసే ముక్కని బల్ల మీద గట్టిగా కొడతాడట. ఏజెంటుకి జోకరు వస్తే కాసేపు ముక్కలు అటూ ఇటూ మార్చడట. డ్రిల్లు మాస్టారు మాత్రం ఏమీ దొరకనివ్వడు. ఆయనతో ఆడేటప్పుడు చేతిలో సీక్వెన్స్ ఆశ లేకపోతే మొదట్లోనే డ్రాప్ అయిపోవాలి. ఆట మొదట్లోనే వదిలేస్తే, అంటే ఫస్ట్ డ్రాప్‌కి 20 పాయింట్లు, మిడిల్ డ్రాప్‌కి 40, ఫుల్ కౌంట్ 80. పెదనాన్న ఇచ్చిన ఇరవైలు నోటుబుక్కు నిండా ఉండేవి. ఎనభైలు మాత్రం వెతికితే తప్ప కనపడేవి కావు.

కాలేజీ రోజుల్లో నాకు ఈ ఆట మీద ఉన్న గౌరవానికి న్యాయస్థానం ముద్ర కూడా దొరికింది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లని పట్టుకున్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట లాగా రమ్మీ ఉత్త అదృష్టం కాదు, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఆట అంది కోర్టు. పేకాట మీద నేను ఎప్పుడు మంచి మాట రాసినా ఏలూరు నుంచి ఒక రిటైర్డు మేష్టారు ఉత్తరం రాస్తారు: "జూదం జూదమేనండీ, దానికి మీరు శాలువా కప్పకండి." నేనేమో ఈ తీర్పునే జవాబుగా రాస్తూ వచ్చాను.

ఓడలో నా ఎదుట కూర్చున్నాయన హైదరాబాదులో మందుల కంపెనీ ఉద్యోగి. ఆయనా కంపెనీ మీటింగ్ పని మీదే గోవా వచ్చారట. నాకు రాణుల జత వచ్చింది, ఇస్పేటు, ఆఠీను. పందెం పెంచి రెయిజ్ చేశాను, ఆయనొక్కరే దానికి సమానంగా పెట్టి కాల్ చేశారు. బల్ల మీద అందరికీ ఉమ్మడి ముక్కలుగా తొమ్మిది, ఏడు, రెండు తెరుచుకున్నాయి. పందెం కాశాను, ఆయన వచ్చారు. తర్వాత మూడు పడింది. ఇద్దరం పందెం కాయకుండా చెక్ అన్నాం. చివరి ముక్క ఇంకో ఏడు. ఆయన దాదాపు పాట్ అంత పందెం ముందుకు తోశారు. ముఖంలో ఏమీ లేదు. చిప్స్ దొంతర కింద పెట్టేటప్పుడు మాత్రం చూపుడువేలు వణికి, పై చిప్ పక్కకి జారింది. దాన్ని ఆయన బొటనవేలితో మెల్లగా సరిచేశారు.

వేళ్లు వణికితే అబద్ధమాడుతున్నాడు అనుకుంటాం. పోకర్ బల్లల దగ్గర పాతవాళ్లు చెప్పేది దీనికి తలకిందులు. పెద్ద ముక్కలు పడి, బిగబట్టుకున్నది వదులైనప్పుడే చెయ్యి వణుకుతుందంటారు. ఆటగాళ్ల ఇలాంటి కదలికల మీద పోకర్ రచయిత మైక్ కారో 1984లో ఒక పుస్తకమే రాశాడు. ఎదుటి ఆయన దగ్గర ఒక ఏడు ఉందని, బల్ల మీదవాటితో మూడు ఏడులు కలిశాయని లెక్కేసి, రాణుల్ని బోర్లించి ఫోల్డ్ చేశాను, అంటే ఆ ఆట వదిలేశాను. ఆయన తన రెండు ముక్కలూ తెరవకుండా డీలర్ వైపు జరిపారు. డీలర్ వాటిని పారేసిన పేకలో కలిపేశాడు.

"ఏమున్నాయో చెబుతారా అండీ?" అన్నాను.

"మళ్లీసారి చూపిస్తా సార్" అని నవ్వారు.

నాకూ ఆయనకీ మళ్లీసారి లేదు. మర్నాడు ఆయనకి హైదరాబాదు ఫ్లైటు, నాకు పొద్దున్నే సినిమా. లాంచీలో ఒడ్డుకి వస్తూ నేను ఆలోచించింది పోయిన పాట్ గురించి కాదు. ఆయన వేలు నేను సరిగ్గా చదివానా? తెలిసే దారి లేదు. వడ్రంగి తలుపు బిగించగానే అది పట్టిందో లేదో తలుపే చెబుతుంది. రమ్మీలో షో పెడితే అందరి ముక్కలూ బల్ల మీదికి వస్తాయి, ఎవరి అంచనా ఎంతో అప్పటికప్పుడు తేలిపోతుంది. పోకర్‌లో ఫోల్డ్ చేసినవాడికి ఆ జవాబు రాదు. వేల డీల్స్ ఆడితే లెక్క మొత్తంగా తేలుతుంది. అన్ని డీల్స్ చూసే టైము ఎవరికుంది? మనుషులు పంచే బల్ల దగ్గర గంటకి పాతిక, మహా అయితే ముప్పై డీల్స్. చేతికి ఆసుల జత రావడం సగటున 221 డీల్స్‌కి ఒకసారి. నాలుగు గంటలు కూర్చున్నవాడికి అది ఒక్కసారి కూడా రాకపోయే అవకాశమే ఎక్కువ. వచ్చి, ఎదుటివాడికి రాజుల జత పడితే, ఆ ఆసులు కూడా దాదాపు అయిదింట ఒకసారి ఓడిపోతాయి.

పెదనాన్న విద్య వెనక ఆయనకున్నవి అవే ముగ్గురు మనుషులు, అదే బల్ల, ఏళ్ల తరబడి సాయంత్రాలు. ఆ అరటికాయల వ్యాపారి చప్పుడు ఒక రాత్రిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నైపుణ్యం ఆటలో ఉందా లేదా అని మన చట్టాలు అరవై ఏళ్లకి పైగా తర్కిస్తూనే ఉన్నాయి. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టం పోకర్‌ని పేరు పెట్టి జూదం నిర్వచనంలోంచి తప్పించింది. గుజరాత్ హైకోర్టు 2017లో అది అదృష్టం ఆటేనంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ డబ్బు ఆటల విషయంలో ఆ తేడానే పక్కన పెట్టి అన్నిటినీ నిషేధించింది. అడగాల్సిన ప్రశ్న ఆట గురించి కాదనిపిస్తోంది నాకు. కుర్చీలో ఎవరున్నారు, ఎన్నాళ్లుగా ఉన్నారు? వారంలో అయిదు రోజులు అదే ఓడలో కూర్చునే మనిషికి పోకర్ విద్యే. ఆఫీసు పని మీద వచ్చి, అలసిపోయి, ఒక రాత్రి కూర్చునే నాకూ ఆ మందుల కంపెనీ ఆయనకీ అది నాణెం ఎగరెయ్యడమే. మేష్టారూ, ఒక రాత్రి బల్ల వరకూ మీ మాటే నిలుస్తుంది.

ఆ 1967 తీర్పులో నేను మేష్టారికి ఎప్పుడూ రాయని వాక్యం కూడా ఒకటుంది. పందెం ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నాడని తేలితే అది నేరం కిందికి రావచ్చని అదే కోర్టు అంది. గోవాలో లైసెన్సు ఉంది కాబట్టి రేక్ చట్టబద్ధం, అందులో వివాదమేమీ లేదు. కానీ ఆ బల్ల దగ్గర ప్రతి డీల్‌కీ తన పనికి తగిన కూలి అందుకున్న పనివాడు ఒక్కడే, ఆ పంచే అబ్బాయి. ఆటగాళ్లం తొమ్మిది మందిమీ మా నైపుణ్యం మీద మాకున్న నమ్మకానికి డబ్బు కట్టాం.

ఒడ్డుకి చేరాక విశాఖ కుర్రాడు "అన్నా, వచ్చే ఏడాది రెండ్రోజులు ముందే వచ్చేద్దాం, గట్టిగా ఆడొచ్చు" అన్నాడు. రెండ్రోజులకి రాదురా అన్నాను. విశాఖలోనే ప్రతి ఆదివారం కూర్చునే నలుగుర్ని వెతుక్కో. చింతపిక్కలు చాలు. ఒక్క రూలు పెట్టుకో. డీల్ అయ్యాక, ఫోల్డ్ చేసినవాడితో సహా అందరూ ముక్కలు తెరిచి చూపించాలి.