వికేంద్రీకృత సామాజిక మాధ్యమాలు – సముదాయ బాధ్యత: విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• మాస్టొడాన్ వంటి మాధ్యమాలలో మాడరేషన్ ఎలా జరుగుతుందో వివరించగలుగుతారు.
• ‘సర్వర్ ఒడంబడిక’ బలాలను, లోపాలను అంచనా వేయగలుగుతారు.
• ‘సముదాయ బాధ్యత’ అనే భావనను విమర్శనాత్మకంగా చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

ఒకే సంస్థ చేతిలో ఉన్న సామాజిక మాధ్యమంలో ఏ రాత ఉండాలో, ఏ ఖాతా పోవాలో ఆ సంస్థే నిర్ణయిస్తుంది. దీనికి ప్రత్యామ్నాయంగా వచ్చినవే వికేంద్రీకృత మాధ్యమాలు. జర్మనీకి చెందిన యూజెన్ రోచ్కో 2016లో ప్రారంభించిన మాస్టొడాన్ వీటిలో బాగా తెలిసినది. ఇది ఒక వెబ్‌సైటు కాదు, వేల సర్వర్ల కూటమి. ఒక్కో సర్వర్‌ను ఒక వ్యక్తి గాని, చిన్న బృందం గాని నడుపుతుంది. మీ ఈమెయిల్ ఒక సంస్థ దగ్గర, మీ మిత్రుడిది మరో సంస్థ దగ్గర ఉన్నా ఉత్తరం చేరుతుంది కదా! ఇక్కడా అంతే. 2018 జనవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం ఆమోదించిన యాక్టివిటీపబ్ అనే ప్రమాణం దీనికి ఆధారం.

హానికరమైన రాతలను, చిత్రాలను పరిశీలించి తగిన చర్య తీసుకోవడాన్ని మాడరేషన్ అంటారు. మాస్టొడాన్‌లో ఈ పని ఆయా సర్వర్ల నిర్వాహకులది. సముదాయమే తనను తాను చక్కదిద్దుకుంటుందని దీని సమర్థకులు వాదిస్తారు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం.

9.2 ఒడంబడికలో ఏముంది?

2019 మేలో మాస్టొడాన్ ‘సర్వర్ ఒడంబడిక’ను ప్రకటించింది. తమ అధికారిక జాబితాలో చోటు కావాలనుకునే సర్వర్లకు అది నాలుగు షరతులు పెట్టింది: జాతి వివక్ష, లింగ వివక్ష, స్వలింగ సంపర్కుల పట్ల, ట్రాన్స్‌జెండర్ల పట్ల ద్వేషం – వీటిపై చురుకైన మాడరేషన్, ప్రతిరోజూ సమాచారాన్ని నకలు తీసి భద్రపరచడం, అత్యవసర సమయంలో సర్వర్‌ను చూసుకోగల మరొక వ్యక్తి ఉండడం, సర్వర్‌ను మూసివేయాలంటే కనీసం 3 నెలల ముందు సభ్యులకు తెలియజేయడం.

షరతును తప్పిన సర్వర్ జాబితా నుంచి పోతుంది, అంతే. సర్వర్ ఆగిపోదు. అంటే ఇది చట్టం కాదు, మర్యాద ఒప్పందం. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి.

9.3 బలం: గ్యాబ్ ఉదంతం

2018లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక యూదు ప్రార్థనా మందిరంలో 11 మందిని కాల్చి చంపిన వ్యక్తి గ్యాబ్ అనే మాధ్యమంలో రాసేవాడు. 2019 జులైలో ఆ గ్యాబ్ మాస్టొడాన్ సాఫ్ట్‌వేర్‌కు మారింది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కనుక వాడవద్దనడానికి ఎవరికీ వీలు లేదు. అయితే అనేక సర్వర్ల నిర్వాహకులు గ్యాబ్‌తో సంబంధాన్ని తెంచుకున్నారు. కొన్ని మొబైల్ యాప్‌లు కూడా దాన్ని అడ్డుకున్నాయి. కేంద్ర ఆజ్ఞ లేకుండానే ద్వేషాన్ని వెలివేయగలిగారు. ఇది చిన్న విజయం కాదు.

కాని గ్యాబ్ గోడ అవతల అలాగే కొనసాగింది. సంబంధాన్ని తెంచుకోవడం మన సభ్యులను కాపాడుతుందే గాని, హానిని తొలగించదు.

9.4 లోపాలు

(అ) శ్రమ: చాలా సర్వర్లలో మాడరేషన్ చేసేవారు స్వచ్ఛంద కార్యకర్తలు. 2023 జులైలో స్టాన్‌ఫర్డ్ ఇంటర్నెట్ అబ్జర్వేటరీ ఒక నివేదికను ప్రచురించింది. రెండు రోజులలో సుమారు 3,25,000 పోస్టులను పరిశీలించగా, బాలలపై లైంగిక దౌర్జన్యానికి సంబంధించినవిగా ముందే గుర్తించిన చిత్రాలతో సరిపోలినవి 112 దొరికాయి. పెద్ద సంస్థలకు ఇటువంటి చిత్రాలను వెంటనే పట్టుకునే యంత్ర సాధనాలు, జీతం తీసుకునే సిబ్బంది ఉంటారు. సాయంత్రం తీరిక వేళలో సర్వర్‌ను చూసుకునే వ్యక్తికి ఆ రెండూ ఉండవు. సదుద్దేశం ఒక్కటే పిల్లలను కాపాడదు.

(ఆ) కులం: ఒడంబడిక పేర్కొన్న వివక్షలలో కులం లేదు. అది వెలువడిన ఆరు నెలలకే భారతీయులు పెద్ద సంఖ్యలో మాస్టొడాన్‌కు వచ్చారు. సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేయడం, ఆ సంస్థ కులవివక్ష చూపుతున్నదన్న ఆరోపణలు ఇందుకు కారణాలు. తరువాతి కాలంలో మాస్టొడాన్ తాను స్వయంగా నడిపే సర్వర్ నియమాలలో కులవివక్షను కూడా చేర్చింది. ఇది మెచ్చదగినదే. కాని నియమం రాయడం ఒక ఎత్తు, తెలుగులోనో హిందీలోనో వచ్చిన కులదూషణను గుర్తుపట్టడం మరో ఎత్తు. బెర్లిన్‌లోని మాడరేటరుకు మామూలు మాటగా తోచేది మన ఊళ్లో ఒకరి గౌరవాన్ని దెబ్బతీసే తిట్టు కావచ్చు.

(ఇ) అప్పీలు: ఒక సర్వర్ మరొకదాన్ని అడ్డుకుంటే, ఏ తప్పూ చేయని సభ్యుల స్నేహాలు కూడా తెగిపోతాయి. వారి గోడు వినే వేదిక లేదు. వేరే సర్వర్‌కు మారినప్పుడు అనుచరులను తీసుకుపోవచ్చు గాని, పాత పోస్టులను తీసుకుపోలేరు.

9.5 ఉమ్మడి వనరుల సిద్ధాంతం

2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ ఉమ్మడి వనరులను ప్రజలే కాపాడుకోగలరని నిరూపించారు. అయితే అందుకు స్పష్టమైన హద్దులు, జవాబుదారీగా ఉండే కాపలాదారులు, తప్పును బట్టి పెరిగే శిక్షలు, తక్కువ ఖర్చుతో తగాదాలు తీర్చుకునే ఏర్పాటు వంటివి అవసరమని చెప్పారు. ఆమె కూడా ఉపయోగించుకున్న ఒక అధ్యయనం మన కర్నూలు జిల్లా గ్రామాలది. రాబర్ట్ వేడ్ దాన్ని 1988లో ‘విలేజ్ రిపబ్లిక్స్’ అనే గ్రంథంగా వెలువరించారు. కాలువ చివరి గ్రామాల రైతులు అధికారిక పంచాయతీతో నిమిత్తం లేకుండా ఉమ్మడి నిధి పెట్టుకుని, పొలాలకు నీరు పెట్టడానికి, పైరు కాపలాకు మనుషులను నియమించుకున్నారు. నీరు పుష్కలంగా ఉన్న ఎగువ గ్రామాలలో ఈ ఏర్పాటు అంతగా కనిపించలేదు.

దీని నుంచి రెండు పాఠాలు. మొదటిది: పైరు ఎండిపోతుందనే భయం ఉన్నచోటే బాధ్యత పుట్టింది, కాపలాదారుకు ప్రతిఫలం కూడా దక్కింది. మాస్టొడాన్‌లో అధిక సంఖ్యాకులు ఎగువ రైతుల వంటివారు. పైసా చెల్లించకుండా వాడుకుంటారు, కష్టమొస్తే వెళ్లిపోతారు. రెండవది: ఆ గ్రామ మండళ్లలో పెత్తనం పెద్ద భూస్వాములదే. గ్రామ గణతంత్రాలను ఆదర్శంగా చూపడాన్ని డా. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో తిరస్కరించడానికి కారణం ఇటువంటిదే. సముదాయం అన్నంత మాత్రాన న్యాయం జరగదు.

9.6 సారాంశం

వికేంద్రీకరణ అధికారాన్ని పంచింది. బాధ్యతను మాత్రం కొద్దిమంది భుజాల మీదే ఉంచింది. అందుచేత ఆ పద్ధతిని తోసిపుచ్చనవసరం లేదు, పూర్తి చేయాలి. మీరు ఏ సర్వర్‌లో చేరినా నాలుగు ప్రశ్నలు వేయండి: ఖర్చు ఎవరు భరిస్తున్నారు? తీర్పు ఎవరు చెబుతున్నారు? ఆ తీర్పుపై ఎవరికి మొరపెట్టుకోవాలి? మీ భాషలోని తిట్టు అక్కడ ఎవరికైనా అర్థమవుతుందా? చివరి ప్రశ్నకు ‘లేదు’ అనేది జవాబైతే, ఆ పనికి ముందుకు రావలసినది బహుశా మీరే.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సర్వర్ ఒడంబడిక చట్టం వంటిది కాదని ఎందుకు అంటున్నాం?
2. గ్యాబ్ ఉదంతం వికేంద్రీకృత మాడరేషన్ బలాన్ని, పరిమితిని ఎలా చూపుతుంది?
3. కాలువ చివరి గ్రామాల అనుభవాన్ని సామాజిక మాధ్యమాలకు అన్వయించడం ఎంతవరకు సమంజసం? మీ అభిప్రాయాన్ని సహేతుకంగా రాయండి.